చిన్న ట్రాక్టరుకు ఎన్ని అడుగుల రోటావేటరు?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన యేడు ఇదే సభలో మేము పిల్లల హాజరు గురించి మాట్లాడితిమి. ఈసారి కూడా అదే మాట్లాడుదామని కాగితం రాసి పెట్టుకున్నాము. కానీ కార్యదర్శి గారు ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, చదువు సంగతి వచ్చే యేడు చెప్పుదురు గాని, ఈసారి రోటావేటరు సంగతి చెప్పండి, కొట్లాట తీరుతుంది" అన్నారు. కొట్లాట ఏమిటో మీలో చాలామందికి తెలుసు. మన సంఘంలోని మూడు కుటుంబాలు కలిసి ఒక చిన్న ట్రాక్టరు మీద సేద్యం చేస్తున్నవి. దానికి రోటావేటరు కొనడానికి సంఘం నిధి నుండి వడ్డీ లేని అప్పు అడిగినవి. ఒకరు 5 అడుగులది అంటారు, ఒకరు 4 అడుగులది అంటారు, మూడో వారు ఏదైనా సరే మృగశిర కార్తె లోపల రావాలి అంటారు. నిధి మనందరి పైసా. పది రూపాయలు, ఇరవై రూపాయలు చందా ఇచ్చిన బీదవాళ్ళ పైసా కూడా అందులో ఉన్నది. అది తప్పు సామానులో పడితే తిరిగి రాదు.

మేము పాఠాలు చెప్పేవారము గాని మిస్త్రీలము కాము. ఉర్దూ మాధ్యమంలో చదువుకొని ఉర్దూ మాధ్యమంలోనే చెప్తున్నాము గనుక మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. అయితే పొలంలో మాత్రం మా అబ్బాజాన్ కాలం నుండి తెలుగే. ఎడ్లకూ తెలుగే చెప్పినాము, ఇప్పుడు ట్రాక్టరు డ్రైవరుకూ తెలుగే చెప్తున్నాము. ఇక ఈ విషయంలో మాట్లాడే హక్కు మాకెక్కడిదంటే, మా ఇంట్లోనే దెబ్బ తిన్నాము. అది ముందు చెప్తాము.

మా తమ్ముడు గల్ఫులో తొమ్మిదేళ్ళు కష్టపడి వచ్చి, ఇక పోను అని 24 హెచ్.పి. చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నాడు. మంచి పని చేసినాడు, అందులో మాకు రెండో మాట లేదు. మూడెకరాల పసుపు, మక్క చేనుకు 50 హెచ్.పి. బండి ఎందుకు? కానీ రోటావేటరు దగ్గర దెబ్బ పడింది. ఒక పట్టణంలో, ఒక దుకాణంలో, పేరు మనకు అవసరం లేదు, "4 అడుగులది స్టాకు లేదు, 5 అడుగులది తీసుకోండి, ధరలో ఎంతో తేడా లేదు, పెద్దది అయితే పని తొందరగా అవుతుంది" అన్నారు. పెద్దది అయితే పని తొందరగా అవుతుంది! ఈ మాట వినడానికి ఎంత బాగున్నది! మేము కూడా పక్కనే ఉన్నాము, తల ఊపినాము. లెక్కలు చెప్పే మాస్టరు అయి ఉండి ఒక్క లెక్క వేయలేదు.

మొదటి రోజు చెలకలో నడిపితే బాగానే నడిచింది. తెల్లారి రేగడి చేనులోకి దిగగానే ఇంజను గొంతు మారింది. నల్లటి పొగ. లోతు పెడితే బండి ఆగిపోవడం, పైకి లేపితే మన్ను గీకినట్టు పోవడం. తమ్ముడు క్లచ్చి తొక్కి వదిలి, తొక్కి వదిలి ఆ సీజను ఈడ్చినాడు. దసరా లోపల క్లచ్చి ప్లేటు కాలిపోయింది. అది పైసలతో పోయే నష్టం. రెండోది చెప్తే ఇప్పటికీ మా అమ్మీకి కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. చేను నుండి కాలువ ఒడ్డు ఎక్కేటప్పుడు రోటావేటరు పైకి లేపి ఎక్కించినాడు. ముందు చక్రాలు భూమి విడిచినవి. స్టీరింగు తిప్పితే గాలిలో ఉన్న చక్రాలు తిరిగి ఏమి లాభం? దేవుడి దయ, వాడికి ఆ క్షణంలో బుద్ధి పని చేసి లివరు కిందికి వేసినాడు, రోటావేటరు నేలకు ఆనింది, ముందు చక్రాలు దిగినవి. ఒక జానెడు అటు జరిగి ఉంటే బండితో సహా కాలువలో ఉండేవాడు. నెల రోజులు అమ్మీ ఆ బండిని వాకిట్లోకి రానివ్వలేదు.

ఆ తరువాతనే మేము కూర్చొని లెక్క వేసినాము. అందుకే ఈ ప్రసంగం లెక్కలతో ఉంటుంది, విసుగు అనుకోకండి.

మొదట సామాను గురించి ఒక మాట. మన దగ్గర దీన్ని కొందరు టిల్లరు అంటారు, కొందరు రోటావేటరు అంటారు. చేతులతో పట్టుకొని వెనుక నడిచే రెండు చక్రాల పవర్ టిల్లరు వేరు. మనం మాట్లాడేది ట్రాక్టరు వెనుక తగిలించి, పీటీఓ షాఫ్టుతో తిప్పేది. దీన్ని కనిపెట్టిన ఆయన ఆస్ట్రేలియా దేశస్థుడు, ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్. 1912లో తండ్రి పొలంలో ప్రయోగాలు మొదలుపెట్టినాడు. ఆయన మొదట చేసిన దానిలో మన్ను పక్కకు ఎగిరి పడేదట. తరువాత బ్లేడును ఇంగ్లీషు ఎల్ అక్షరం వలె వంచి దూరం దూరంగా బిగించేసరికి పని కుదిరింది. ఈ రోజు మన చేన్లలో తిరిగేది కూడా ఆ ఎల్ బ్లేడే. 1922లో ఆయన కంపెనీ పెట్టినాడు, 1938లో ఇంగ్లాండు పోయి అక్కడ కూడా పెట్టినాడు. ఇంకో తమాషా. రోటావేటర్ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో రాసి, మన ఉర్దూ లాగా కుడి నుండి ఎడమకు చదివినా అదే పేరు వస్తుంది. మా జమాత్ పిల్లలకు బోర్డు మీద రాసి చూపితే నమ్మలేదు, వాళ్ళే రెండుసార్లు చదువుకున్నారు.

నాగలికి, దీనికి తేడా ఒకటి గుర్తు పెట్టుకోవాలి. నాగలిని ట్రాక్టరు గుంజాలి. రోటావేటరును గుంజే పని తక్కువ, దాని బ్లేడ్లు చక్రాలు తిరిగే దిక్కులోనే తిరుగుతాయి గనుక అది ట్రాక్టరును ముందుకు తోస్తుంది కూడా. బలమంతా షాఫ్టు మీదుగా పోతుంది. అందుకనే తేలికైన చిన్న ట్రాక్టరు కూడా ఈ పని చేయగలుగుతుంది. అందుకనే షాఫ్టుకు ఎంత బలం అందుతుందో తెలియకుండా అడుగులు నిర్ణయించకూడదు.

ట్రాక్టరు మీద రాసిన హెచ్.పి. ఇంజనుది. పీటీఓ దగ్గరికి వచ్చేసరికి గేర్లలో, పంపులో కొంత పోయి సుమారు నూటికి 80 నుండి 85 వంతులు మిగులుతుంది. 24 హెచ్.పి. బండికి 20 అనుకోండి. కంపెనీ కాగితంలో పీటీఓ హెచ్.పి. అని వేరుగా రాసి ఉంటుంది, అది అడిగి చూడండి, సేల్స్ అబ్బాయి చూపించకుంటే మళ్ళీ అడగండి. రోటావేటరు వెడల్పులో ఒక్కో అడుగుకు పీటీఓ దగ్గర సుమారు 5 హెచ్.పి. కావాలని మోటు లెక్క. దుబ్బ నేలలో, చెలకలో 4తో కూడా నడుస్తుంది. మన రేగడిలో, అదీ సరిగ్గా పదును లేనప్పుడు, 6 అయినా తింటుంది. అంటే 20 పీటీఓ హెచ్.పి.కి 4 అడుగులు. 5 అడుగులకు 25 కావాలి, రేగడి అయితే ఇంకా ఎక్కువ. అందుకే 5 అడుగులది 35, 40 హెచ్.పి. ట్రాక్టర్ల జోడీ. 15 హెచ్.పి. బండి ఉన్నవారికి రెండున్నర, మహా అయితే 3 అడుగులు. మా తమ్ముడు 20 హెచ్.పి.తో 5 అడుగులు తిప్పబోయినాడు. ఇంజను ఏడ్వక ఏమి చేస్తుంది?

ఇప్పుడు ఆ దుకాణంలో చెప్పిన మాట, పెద్దది అయితే పని తొందర అన్న మాట చూద్దాము. మా ఎనిమిదో జమాత్ పిల్లలకు ఇదే లెక్క ఇచ్చినాము. ఒక ఎకరానికి 43,560 చదరపు అడుగులు, 40 గుంటలు. ట్రాక్టరు గంటకు 3 కిలోమీటర్లు, అంటే సుమారు 9,840 అడుగులు పోతుంది. 4 అడుగుల రోటావేటరులో అర అడుగు పోయిన సాలు మీద ఎక్కుతుంది, మిగిలేది మూడున్నర అడుగులు. గుణిస్తే గంటకు 34,440 చదరపు అడుగులు, దగ్గర దగ్గర 32 గుంటలు. పిల్లలు ఇంతవరకు చేసి పలకలు పైకెత్తినారు. వెనుక బెంచీలో పిల్లవాడు ఒకడు, రైతు బిడ్డ, లేచి "సార్, గెట్టు కాడ మలుపుకునే టైము ఏది?" అన్నాడు. నిజమే. చిన్న మడి అయితే మలుపులకే పావు వంతు కాలం పోతుంది. అది తీసేస్తే గంటకు 24 గుంటలు. ఎకరం గంటా నలభై నిమిషాలు.

5 అడుగులది కూడా అదే వేగంతో పోతే మలుపులు తీసేసి గంటకు 30 గుంటలు రావాలి. కాగితం మీద వస్తుంది. చేనులో 24 హెచ్.పి. బండి దాన్ని ఆ వేగంతో తిప్పలేదు. అన్నిటికన్నా చిన్న గేరులో వేసి, గంటకు 1.8 కిలోమీటర్లు పోతే గాని ఇంజను ఓర్వదు. అప్పుడు లెక్క వేస్తే గంటకు 18 గుంటలు. 4 అడుగులదానికన్నా 6 గుంటలు తక్కువ! ఎక్కువ పైసలు పెట్టి, ఎక్కువ డీజిలు పోసి, తక్కువ పని. ఆ రోజు ఇంటికి వచ్చి తమ్ముడికి ఈ లెక్క చూపిస్తే, "ఈ లెక్క దుకాణంలో ఎందుకు చెప్పలేదు భయ్యా" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

వేగం సంగతి వచ్చింది గనుక మన్ను మెత్తదనం గురించి కూడా చెప్తాము. పీటీఓ నిమిషానికి 540 తిరుగుళ్ళు తిరుగుతుంది, గేరు బాక్సులో తగ్గి బ్లేడ్ల ఇరుసు సుమారు 200 తిరుగుతుంది. గంటకు 3 కిలోమీటర్లు అంటే నిమిషానికి 50 మీటర్లు. ఇరుసు ఒక్క చుట్టు తిరిగేలోపల బండి 25 సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక్కో వైపు మూడు బ్లేడ్లు వంతులవారీగా కోస్తాయి గనుక ఒక్కో కోత 8 సెంటీమీటర్ల పైచిలుకు. విత్తనం వేసే నేలకు ఇది చాలు. కొందరు మైదా పిండి వలె కావాలని రెండు మూడుసార్లు తిప్పుతారు. చూడముచ్చటగా ఉంటుంది. ఒక్క పెద్ద వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది, మొలక పైకి రాలేదు.

వెడల్పుకు ఇంకో కొలత ఉన్నది, దానికి హెచ్.పి.తో పని లేదు, టేపు చాలు. వెనుక రెండు టైర్ల బయటి అంచు నుండి బయటి అంచు వరకు కొలవాలి. రోటావేటరు ఆ కొలత కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. లేకుంటే దున్నిన నేలనే టైరు తొక్కిపోతుంది, ఆ గుర్తు చెరగదు. మా బండికి 43 అంగుళాలు వచ్చింది. 4 అడుగులు అంటే 48 అంగుళాలు, అటు ఇటు రెండున్నర అంగుళాలు ఎక్కువ. సరిగ్గా సరిపోయింది. 3 అడుగులది తెచ్చి ఉంటే అటు ఇటు మూడున్నర అంగుళాల టైరు గుర్తు మిగిలేది. అప్పుడు రోటావేటరును ఒక పక్కకు జరిపి బిగిస్తే ఒక టైరు గుర్తయినా పోతుంది, గెట్టు దాకా కూడా దున్నవచ్చును. అట్లా జరపడానికి వీలున్న ఫ్రేము ఉన్నదా అని కొనేటప్పుడే చూడాలి. చిన్నది కొనడం ఎప్పుడూ మంచిదే అని మేము చెప్పడం లేదు, గమనించండి.

కానీ బోధన్ వైపు మా మామాజాన్ చేనులో లెక్క మారింది. ఆ వైపు చెరుకు ఎట్లా ఉండేదో పెద్దలకు తెలుసు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఎడ్లబండ్లు, తరువాత ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడేవి. మా చిన్నతనంలో సెలవులకు పోతే ఆ వరుసలోనే చెరుకు గడలు గుంజుకొని తినేవాళ్ళము. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడినాక చాలా చేన్లు వరి మడులైనవి. మామాజాన్ మాత్రం కొంత చెరుకు విడువలేదు. ఆయన సాలుకు సాలుకు నడుమ 4 అడుగులు ఉంచుతాడు. ఆ నడుమ గడ్డి తీయడానికి 4 అడుగుల రోటావేటరు ఎట్లా పోతుంది? బండి ఇరుకుది, బయటి కొలత 3 అడుగులకు మించనిది, రోటావేటరు రెండున్నర అడుగులది కావాలి. బండి ఎక్కువ మోయగలిగినా సరే, అక్కడ సాలే హద్దు. అందుకని ఎవరైనా వచ్చి "మాస్టర్ సాబ్, ఎన్ని అడుగులది కొనాలి" అంటే మేము ముందు "ఏ చేనులో, ఏ పంటలో" అని అడుగుతాము.

మరి మన పసుపు సంగతి. ఇక్కడ మేము కొంచెం గట్టిగా చెప్పవలసి ఉన్నది. రోటావేటరు 4 నుండి 6 అంగుళాల లోతు వరకే. 5 అడుగులదైనా 4 అడుగులదైనా అంతే. పసుపు దుంపకు అంతకన్నా లోతు గుల్ల కావాలి, నీరు కిందికి దిగాలి. ప్రతి యేడు రోటావేటరు ఒక్కటే తిప్పితే ఆ 6 అంగుళాల కింద గట్టి పొర కడుతుంది, బ్లేడ్లు దాన్ని నున్నగా చేస్తాయి. వానకు నీళ్ళు ఆ పొర మీద నిలుస్తాయి, దుంపకుళ్ళు వస్తుంది. మందు కొట్టినా ఆ పొర ఉన్నన్నాళ్ళు నీళ్ళు దిగవు. మా అబ్బాజాన్ పసుపు తీసినాక ఎండాకాలం లోతు దున్ని నేలను ఎండబెట్టేవారు. ఆ పని నాగలితోనో, పెద్ద బండి కిరాయికి తెచ్చి కల్టివేటరుతోనో ముందు చేయించాలి. తొలకరి వాన పడి పదును వచ్చినాక మాత్రమే రోటావేటరు. ఎండిన రేగడి పెడ్డల మీద దాన్ని తిప్పితే బ్లేడ్లు విరుగుతాయి, గేర్ల మీద సుత్తె దెబ్బలు పడ్డట్టే. పోచంపాడు కాలువ నీళ్ళు వచ్చే మడులలో దమ్ముకు తిప్పేవారు రెండు రోజులు నీళ్ళు పెట్టి నాననివ్వండి. ఇరుసు చివర సీళ్ళు మంచివి ఉన్నాయా చూడండి, బురద లోపలికి పోతే బేరింగు ఒక్క సీజను నిలవదు.

ఇక బరువు. మేము అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇదే, దుకాణాలలో ఎవరూ చెప్పనిదీ ఇదే. "మీ బండి లిఫ్టు 700 కిలోలు లేపుతుంది, 400 కిలోల రోటావేటరు ఒక లెక్కా?" అంటారు. లేపుతుంది, అబద్ధం కాదు. లేపినప్పుడు ముందు చక్రాల మీద ఏమి మిగులుతుంది అన్నది ప్రశ్న. సామాను పైకి లేపి ఉన్నప్పుడు ట్రాక్టరు బరువులో ఐదో వంతు అయినా ముందు ఇరుసు మీద ఉండాలని నియమం. అప్పుడే స్టీరింగు పని చేస్తుంది. దీన్ని కొలవడం చాలా సులువు, వే బ్రిడ్జి కావాలి, అంతే. మేము రైసుమిల్లు దగ్గరి కాంటాకు పోయినాము. వాళ్ళు మొదట నవ్వినారు, ఖాళీ ట్రాక్టరును ఎవరు తూకం వేయిస్తారని. బండి మొత్తం 860 కిలోలు. ఐదో వంతు అంటే 172. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద పెట్టి చూస్తే 360. 5 అడుగుల రోటావేటరు లేపగానే ముల్లు పడిపోయి 80 దగ్గర నిలిచింది. తమ్ముడు ఆ అంకె చూసి మాట్లాడలేదు. చదును నేల మీద 80 అయితే, ఒడ్డు ఎక్కేటప్పుడు ఏముంటుంది?

తరువాత 4 అడుగులది తెచ్చినాక మళ్ళీ పోయి చూసినాము. 165 చూపింది. కొంచెం తక్కువ. ముందు భాగాన 20 కిలోల ఇనుప దిమ్మెలు రెండు బిగించినాము, 215 అయ్యింది. 40 కిలోలు పెడితే 50 ఎట్లా పెరిగింది? దిమ్మెలు ముందు ఇరుసు కన్నా ఇంకా ముందుకు వేలాడుతాయి గనుక. పిల్లలకు తులాదండం పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. కొందరు దిమ్మెలకు బదులు బానెట్టు మీద మనిషిని కూర్చోబెడుతున్నారు. లోతు దిగాలని రోటావేటరు మీద పిల్లవాణ్ణి నిలబెడుతున్నారు. అయ్యా, ఆ షాఫ్టు నిమిషానికి 540 అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ కొస, దుపట్టా కొస తగిలితే "ఆపు" అనేలోపల ఎన్ని చుట్లు పడతాయో మీరే లెక్క వేసుకోండి. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. శబ్దం చేస్తున్నదని దాన్ని పీకి చెత్తలో వేసిన ఇళ్ళు మనలోనే ఉన్నవి. అది మళ్ళీ తెచ్చి వేయించండి. తల్లులకు మా మనవి, అన్నం గిన్నె తీసుకొని పొలానికి పోయినప్పుడు బండి పూర్తిగా ఆగి, తాళం చెవి తీసినాకనే దగ్గరికి పోవాలి.

మిగిలిన చిన్న సంగతులు తొందరగా చెప్పి ముగిస్తాము, భోజనాల వేళ అయ్యింది. తగిలించే పిన్నులు చిన్న బండ్లకు 22 మిల్లీమీటర్లవి ఉంటాయి, పెద్ద రోటావేటర్లకు 28 మిల్లీమీటర్లవి. పిన్ను పట్టకుంటే రంధ్రం పెద్దది చేయిస్తామనే దుకాణం నుండి వెంటనే లేచి రండి. షాఫ్టు పొడవు మీ బండికి కొలిచి కోయించుకోవాలి, పూర్తిగా సాగినప్పుడు కూడా ఒకదానిలో ఒకటి మూడో వంతు అయినా లోపల ఉండాలి. గెట్టు దగ్గర లేపి మలుపుకునేటప్పుడు పీటీఓ ఆపండి, ఆపకుంటే టకటకమని శబ్దం వచ్చి క్రాసులు పోతాయి. పక్క గేరు బాక్సులో గొలుసు ఉన్నది చవక, గేర్లు ఉన్నది గట్టి. రేగడికి గేర్లే మంచిది. బోల్టు తెగి మిగతాదాన్ని కాపాడే ఏర్పాటు ఉంటుంది, ఆ బోల్టు తెగితే దాని స్థానంలో గట్టి స్టీలు బోల్టు వేయకండి. తెగడమే దాని పని. సబ్సిడీ సంగతి చాలామంది అడిగినారు. 2014 నుండి వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద ఇచ్చినప్పుడు ఇస్తున్నారు. మంచిదే. కానీ జాబితాలో 5 అడుగులదే ఉన్నది గనుక అదే తీసుకుంటాము అంటే, చెప్పు చవకగా వచ్చిందని కాలికి పట్టనిది కొన్నట్టు.

ఒక మాటకు జవాబు ఇవ్వవలసి ఉన్నది. 5 అడుగులది అడిగిన భాయి సభకు ముందు మాతో, "మాస్టర్ సాబ్, మా చేనుకు 4 చాలు, నాకు తెలుసు. కిరాయికి తిప్పి అప్పు కట్టాలంటే పెద్దది ఉండాలి కదా" అన్నాడు. న్యాయమైన మాట, అప్పు కట్టాలనే మంచి బుద్ధితో అన్న మాట. కానీ మన ఊర్లో 50 హెచ్.పి. బండ్లు, 6 అడుగుల, 7 అడుగుల రోటావేటర్లు ఉన్నవి. ఖుల్లా చేనులో వాటితో 24 హెచ్.పి. బండి పందెం వేస్తే 5 అడుగులదైనా ఓడిపోతుంది. వాళ్ళు రాలేని చోటు చూసుకోవాలి. పది గుంటల మడులు, తోటల్లో చెట్ల నడుమ, ఇరుకు బాటల్లోంచి పోవలసిన చేన్లు. అక్కడ పెద్ద బండి యజమాని రాడు, వచ్చినా మలుపుకోలేడు. కిరాయి అక్కడ దొరుకుతుంది. లేదు, పెద్ద చేన్ల కిరాయే చేయాలి అంటే అప్పుడు తప్పు రోటావేటరుది కాదు, ట్రాక్టరే మార్చవలసి ఉంటుంది. అంత అప్పు మన నిధి ఇవ్వలేదు.

మూడు కుటుంబాల జమీను కలిపితే 7 ఎకరాలు, 280 గుంటలు. గంటకు 24 గుంటల చొప్పున ఒక్క చుట్టుకు పన్నెండు గంటల లోపల, అడ్డం నిలువు రెండు చుట్లు తిప్పినా ఇరవై నాలుగు గంటల లోపల. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే మూడు రోజులు. తొలకరి పదును రేగడిలో అంతమాత్రం నిలుస్తుంది. ఎవరి చేను ముందు అన్నది మాత్రం చీటీ వేసుకోండి, ఆ లెక్క మాకు రాదు.

మా 5 అడుగులది ఏమయ్యిందని కొందరు అడుగుతారు. 40 హెచ్.పి. బండి ఉన్న ఒక రైతుకు అమ్మినాము, మూడో వంతు పైసలు పోయినవి. ఆయన దగ్గర అది చక్కగా నడుస్తున్నది.

కార్యదర్శి గారితో మాట్లాడినాము. జుమా నమాజు తరువాత ఆ మూడు కుటుంబాల వారు ట్రాక్టరు తీసుకొని మా ఇంటి ముందుకు రావాలి. టేపు మేము తెస్తాము. వెనుక టైర్లు కొలిచి, పీటీఓ కాగితం చూసి, అక్కడి నుండి కాంటాకు పోదాము. కాంటా రుసుము సంఘం ఇస్తుంది. తమ్ముడు తన 4 అడుగులది తీసుకొని వస్తానన్నాడు, మీ బండికి తగిలించి లేపి చూద్దాము. ముందు చక్రాల అంకె అందరి ఎదుట కాగితం మీద రాసుకున్న తరువాతనే అప్పు పత్రం మీద సంతకం.